బోర్డు పెట్టక ముందు రెండేళ్లు

పూర్వ విద్యార్థులు నిలబెట్టిన ఈ ధర్మనిధి సభలో మాస్టారి పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. మేమెవరమూ ఆయన్ని పేరుతో పిలిచి ఎరగం. ఇవాళ కూడా మాస్టారు అనే అంటాను.

సైకాలజీ చదివిన పిల్లలు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది ఒకటే. "ఎం.ఏ. అయిపోయింది సార్, ఇంక బోర్డు పెట్టుకోవచ్చా?" ఏ బోర్డు అని నేను ఎదురడుగుతాను. ఉత్త సైకాలజిస్ట్ అని రాసుకుంటే ఇన్నాళ్లూ మన దేశంలో గట్టిగా అడ్డుపడిన చట్టం లేదు. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే మాత్రం ఢిల్లీలోని రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిర్వహించే కేంద్ర రిజిస్టర్‌లో పేరుండాలి, నంబరుండాలి. మనవాళ్లు లైసెన్సు అనేది దీన్నే. ఆ నంబరుకి ఎం.ఏ. ఒక్కటే చాలదు. ఇన్నేళ్లుగా నడిచిన దారిలో ఎం.ఏ. తర్వాత ఆసుపత్రిలో రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎం.ఫిల్. చేయాలి. అదీ కౌన్సిల్ గుర్తించిన సంస్థలోనే. అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి, మధ్యలో శిక్షణ కార్యక్రమాలకు హాజరై పాయింట్లు కూడబెట్టుకోవాలి.

ఇంత చెప్పేసరికి అవతలివాళ్ల మొహం వాడిపోతుంది. డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, మళ్లీ రెండేళ్లా! ఇంట్లో పెళ్లి మాటలు మొదలై ఉంటాయి. తమ్ముడు బీటెక్ అయి సంపాదిస్తూ ఉంటాడు. ఆ వాడిన మొహాలు చూసే ఇవాళ్టి మాటకు ఈ విషయం ఎంచుకున్నాను. ఆ రెండేళ్లలో ఏం జరుగుతుందో, అది లేకపోతే ఏం పోతుందో చెబుతాను.

మాస్టారు డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పేవారు. ఊళ్లో ఎవరింట్లో పిల్లవాడు మాట్లాడ్డం మానేసినా, కోడలు నిద్రపోకుండా తిరుగుతున్నా సైకాలజీ మాస్టారని ఆయన దగ్గరికే తీసుకొచ్చేవారు. "నేను పాఠం చెప్పేవాణ్ణమ్మా, వైద్యం చేసేవాణ్ణి కాదు" అని చెప్పి, కాగితం మీద నాలుగు ముక్కలు రాసి విశాఖపట్నం పెద్ద వాల్తేరు దగ్గరి మానసిక ఆసుపత్రికి పంపేవారు. ఫీజు తీసుకుని ఓ గంట మాట్లాడి పంపినా కాదనేవారు లేరు. ఊళ్లో ఆయన మాటకున్న విలువ అలాంటిది. అయినా తనకు శిక్షణ లేని పనిలోకి ఆయన దిగలేదు. ఆ రోజుల్లో అలా ఆగమని చెప్పే చట్టం కూడా లేదు.

చట్టం సంగతి కాస్త చెప్పుకోవాలి. ఇది తిన్నగా వచ్చిన చట్టం కాదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ 1986లో ఒక సొసైటీగా మొదలైంది. 1992లో పార్లమెంటు చట్టం చేసింది, 1993 జూన్‌లో అది అమల్లోకి వచ్చింది. వికలాంగుల పునరావాసం కోసం పనిచేసేవారికి ప్రమాణాలు పెట్టడం దాని ఉద్దేశం. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టులు, ప్రత్యేక పాఠశాలల టీచర్లు, కృత్రిమ అవయవాలు తయారుచేసేవారు ఉన్న వరసలోనే క్లినికల్ సైకాలజిస్టులనూ చేర్చారు. ఆరోగ్య శాఖ కిందికి రావలసిన వృత్తి సంక్షేమ శాఖ కిందికి వెళ్లింది. దీని మీద మా వృత్తిలో సణుగుడు అప్పటినుంచీ ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని ఆ చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. వెయ్యి రూపాయలు! ఇవాళ హైదరాబాదులో ఒక సిట్టింగ్‌కి అంతకంటే ఎక్కువే తీసుకుంటారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక సంగతి కొంత తేటపడింది. క్లినికల్ సైకాలజిస్ట్ ఎవరో ఆ చట్టం నిర్వచించింది. కౌన్సిల్ గుర్తించిన అర్హత ఉండాలి, లేదా సైకాలజీలో పీజీ మీద, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎం.ఫిల్. ఉండాలి. 'పర్యవేక్షణలో' అన్న ఆ ఒక్క షరతు చట్టం చేసినవారు ఎంత ఆలోచించి పెట్టారో గాని, వృత్తి ప్రాణమంతా అక్కడే ఉంది.

ఈ షరతు చట్టంతో పుట్టలేదు. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లోనే సైకాలజీ శాఖ పెట్టారు. అక్కడే గిరీంద్రశేఖర్ బోస్ 1921లో డాక్టరేటు పొంది, మరుసటి ఏడాది భారతీయ మనోవిశ్లేషణ సంఘం స్థాపించి, వియన్నాలోని ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపాడు. అంత పెద్ద ఆరంభం ఉన్నా, రోగి మంచం పక్కన సైకాలజిస్టుకు చోటు దొరకడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. 1954లో బెంగళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వచ్చింది, ఇవాళ్టి నిమ్హాన్స్‌కు మాతృక అదే. మరుసటి సంవత్సరం అక్కడ మెడికల్ అండ్ సోషల్ సైకాలజీ డిప్లొమా మొదలైంది. 1962లో రాంచీలో అలాంటిదే పెట్టారు. తర్వాత తర్వాత అదే ఎం.ఫిల్. అయింది. క్లాసురూములో పుట్టిన శాస్త్రాన్ని వార్డులోకి నడిపించింది ఆ రెండు ఊళ్లు.

మన వైపు కథ వేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో కె. రామకృష్ణారావు గారు పరామనోవిజ్ఞానానికి పీఠం వేశారు. దేశదేశాల పరిశోధకులు వాల్తేరు వైపు చూశారు. ఉస్మానియాలో, తిరుపతి శ్రీవేంకటేశ్వరలో సైకాలజీ శాఖలు మంచి పేరే తెచ్చుకున్నాయి. 1984లో సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో బుద్ధిమాంద్యం మీద పనిచేసే జాతీయ సంస్థ వచ్చింది. ఎం.ఏ.లు మనం తక్కువ చేయలేదు. ఆ ఎం.ఏ.లను ఆసుపత్రితో కలిపే వంతెనే చాలా ఆలస్యంగా, చాలా ఇరుకుగా కట్టుకున్నాం. మా తరంలో క్లినికల్ చేయాలనుకున్న తెలుగు పిల్లలు బెంగళూరుకో రాంచీకో రైలెక్కినవాళ్లే.

సరే, ఆ రెండేళ్ల సంగతి. పుస్తకం ప్రకారమైతే మొదటి సంవత్సరం సైకోపథాలజీ, స్టాటిస్టిక్స్, సైకియాట్రీ. రెండో సంవత్సరం మెదడు జీవశాస్త్రం, సైకోథెరపీ, బిహేవియరల్ మెడిసిన్. మొదటి ఏడాది చివర సంపూర్ణ సైకోడయాగ్నస్టిక్ రిపోర్టులు, రెండో ఏడాది చివర థెరపీ రికార్డులు, ఒక డిసర్టేషన్ సమర్పించాలి. ఇదంతా ప్రాస్పెక్టస్‌లో దొరుకుతుంది. దొరకనిది చెబుతాను.

ఉదయం ఓపీ. కొత్త కేసు వస్తుంది. ట్రైనీ కూర్చుని కేస్ హిస్టరీ రాస్తాడు. ఎప్పటినుంచి, ఎలా మొదలైంది, అంతకు ముందు మనిషి ఎలా ఉండేవాడు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, తాగుడు ఉందా, నిద్ర ఎలా ఉంది. రోగి ఒకటి చెబుతాడు, వెంట వచ్చిన భార్య ఇంకోటి చెబుతుంది, అటెండెంటుగా వచ్చిన బావమరిది ఇద్దరివీ కాదని మూడోది చెబుతాడు. ముగ్గురివీ రాసుకోవాలి, ఎవరి మాట ఎవరిదో తెలిసేలా రాసుకోవాలి. మొదటి నెలలో ఒక హిస్టరీకి సగం పూట పడుతుంది. అది తీసుకుని సూపర్‌వైజర్ ముందు కూర్చుంటే ఆమె పెన్సిలుతో ఒక్క చోట గీత గీస్తుంది. "మతిమరుపు అని రాశావు. ఎవరన్నారు? ఆయనా, నువ్వా?" మళ్లీ వార్డుకి పరుగు.

నా దగ్గర శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. అరవై దాటిన ఒక పెద్దాయనకి మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్ చేస్తోంది. ఆలోచన పైపైనే ఆగుతోందా, లోతుకి వెళ్తోందా చూడ్డానికి సామెతకు అర్థం అడుగుతాం. ఈ అమ్మాయి 'దూరపు కొండలు నునుపు' అడిగింది. ఆయన వెంటనే, "దూరం నుంచి నునుపేనమ్మా. దగ్గరికెళ్తే అన్నీ ముళ్లూ రాళ్లూ. నేను చిన్నప్పుడు అక్కడికే మేకలు తోలుకెళ్లేవాణ్ణి" అన్నాడు. అమ్మాయి 'కాంక్రీట్' అని రాసి నాకు చూపించింది. పాఠ్యపుస్తకం ప్రకారం తప్పేం లేదు. "ఆయన్ని మళ్లీ అడుగు. మనుషుల విషయంలో ఈ మాట ఎప్పుడంటారు అని అడుగు" అన్నాను. అడిగింది. పెద్దాయన నవ్వి, "మా వియ్యంకుడి ఇల్లు కూడా అంతేనమ్మా. సంబంధం కుదుర్చుకునేదాకా నునుపే" అన్నాడు. కాంక్రీట్ అన్న ముక్క కొట్టేసింది. మేకలు కాసినవాడికి కొండ ముందు కొండే, తర్వాతే సామెత. ఈ సంగతి ఏ పరీక్షలోనూ రాదు. రెండో ప్రశ్న అడగమని చెప్పే మనిషి పక్కన లేకపోతే ఆ పెద్దాయన రిపోర్టులో ఆలోచనా లోపం ఉన్నవాడిగా మిగిలిపోయేవాడు. ఆ రిపోర్టు మీదే రోగ నిర్ణయం, మందు మోతాదు, కొన్నిసార్లు పెన్షనూ ఆస్తి తగాదా కూడా ఆధారపడతాయి.

వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మనడం ఇంకో పరీక్ష. ఏకాగ్రత ఎలా ఉందో తెలుస్తుంది. బడికి వెళ్లని ఒక కూరగాయలమ్మే ఆమెను అడిగితే తొంభైమూడు దగ్గరే ఆగిపోయింది. వంద నోటిచ్చి ముప్ఫై ఏడు రూపాయల కూరలు తీసుకుంటే ఎంత తిరిగివ్వాలని అడిగితే కన్ను మూసి తెరిచేలోగా అరవై మూడు అంది. దేన్ని స్కోరు చేయాలి? నియమం ప్రకారం మొదటిది. మరి రెండోది ఎక్కడ రాయాలి, ఎలా రాయాలి? ట్రైనీ నేర్చుకునేది ఇదే.

ఇక్కడ కాస్త నిష్ఠూరం ఆడక తప్పదు. మన చేతిలోని పనిముట్లు మనవి కావు. చదువు రానివారికి కూడా తెలివితేటల పరీక్ష చేయవచ్చని సి.ఎం. భాటియా తయారుచేసిన బ్యాటరీ 1955 నాటిది, ఉత్తరప్రదేశ్ పిల్లల మీద ప్రామాణీకరించింది. చెక్క దిమ్మలు పేర్చడం, పళ్లెంలో రంగు ముక్కలు జరపడం, గీతలు గీయడం, బొమ్మ ముక్కలు కలపడం ఉంటాయి. తెలివైన పని, కాదనను. బినే పరీక్షను కామత్ గారు మరాఠీ, కన్నడాల్లోకి తెచ్చారు. పొరుగునే కన్నడం దాకా వచ్చిన పరీక్ష మన దగ్గరికి వచ్చేసరికి ఏ ఆసుపత్రికి ఆ ఆసుపత్రి సొంతంగా తెలుగు చేసుకుని వాడే పరిస్థితి చాలాచోట్ల చూశాను. ఒకచోట అడిగిన మాట ఇంకోచోట అడగరు. అలా వచ్చిన స్కోర్లను పోల్చి చూడ్డం ఎలా? మన విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ మీద ఇన్ని పీహెచ్‌డీలు వచ్చాయి. ప్రశ్నాపత్రం పంచి, వెనక్కి తీసుకుని, సహసంబంధం లెక్కగట్టినవే వాటిలో ఎక్కువ. ఒక పరీక్షను శ్రీకాకుళంలోనూ కర్నూలులోనూ ఆదిలాబాదులోనూ చేసి నార్మ్స్ తయారుచేసే ఓపిక కలిగిన పని అందులో ఎంత ఉందో పెద్దలు ఆలోచించాలి.

ఇప్పుడు ఆ రెండేళ్ల ఎం.ఫిల్.కే కాలం చెల్లింది. 2020 జాతీయ విద్యావిధానం ఎం.ఫిల్. వద్దంది. 2022 నవంబరులో యూజీసీ నిబంధనలు దాన్ని ఎత్తేశాయి. క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా గడువిస్తూ 2024 జనవరిలో ప్రకటన చేశారు. దాని స్థానంలో కౌన్సిల్ కొత్త మెట్లు కట్టింది. నాలుగేళ్ల బి.ఎస్సీ. ఆనర్స్, రెండేళ్ల ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, ఆపైన సై.డి. అనే డాక్టరేటు.

నేను పాత డిగ్రీ పేరు కోసం ఏడ్చేవాణ్ణి కాను. ఎం.ఫిల్. అనేది పరిశోధన డిగ్రీల వరసలోది, ఒక వృత్తి శిక్షణకు ఆ పేరు తగిలించడమే మొదటినుంచీ అతుకులబొంత. ఇరవై రెండేళ్లకే పిల్లలు ఈ దారిలోకి వస్తే మంచిదే. నా బెంగ ఒక్కటే. పాత పద్ధతిలో ట్రైనీ వచ్చేసరికి థియరీ అయిపోయి ఉండేది, రెండేళ్లూ ఆసుపత్రిలోనే గడిచేవి. కొత్త ఎం.ఏ.లో థియరీ, ఆసుపత్రి రెండూ అవే రెండేళ్లలో ఇమడాలి. టైమ్‌టేబుల్‌లో క్లాసుకూ వార్డుకూ పోటీ వస్తే ఏది గెలుస్తుందో కాలేజీలు నడిపినవారికి చెప్పక్కర్లేదు. వార్డులో పక్కన కూర్చోవడానికి సూపర్‌వైజర్ కావాలి. ఒక సూపర్‌వైజర్ ఇంతమందినే చూడగలరు. సీట్లు పెంచడానికి జీవో చాలు, సూపర్‌వైజర్లను పెంచడానికి పదేళ్లు కావాలి. గుర్తింపు కోసం తనిఖీ రోజున ఆసుపత్రితో ఒప్పంద పత్రం చూపించి, ఆ తర్వాత పిల్లల్ని వారానికోసారి గేటు దాకా పంపే కోర్సులు పుట్టుకొస్తే, రిజిస్టర్ నంబరుకీ వారాంతపు సర్టిఫికెట్టుకీ తేడా ఉండదు.

వారాంతపు సర్టిఫికెట్లు అన్నాను గదా, గేటు బయటి సంగతి కూడా అనుకుందాం. హిప్నోథెరపీ, ఎన్‌ఎల్‌పీ, లైఫ్ కోచ్. రెండు రోజుల వర్క్‌షాప్, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్, మర్నాడు క్లినిక్. వీరిలో మనసున్నవారు లేరని అనను. మనిషి చెప్పేది ఓపిగ్గా వినే నేర్పు కొందరికి పుట్టుకతో ఉంటుంది. కాని ఎదురుగా కూర్చున్న కుర్రాడు చదువు ఒత్తిడి అంటున్నది నిజంగా చదువు ఒత్తిడేనా, మొదలవుతున్న స్కిజోఫ్రీనియానా, థైరాయిడా అని అనుమానించడం పుట్టుకతో రాదు. ఇలాంటివి వందలు చూసిన మనిషి పక్కన కొన్నాళ్లు కూర్చుంటే వస్తుంది.

అవసరం ఎంతుందో రెండు లెక్కలు. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దల్లో నూటికి 10.6 మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉంది. 12 రాష్ట్రాల్లో చేశారు. ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన లెక్క మనకు ఆ సర్వేలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 అట్లాస్‌లో మన దేశంలో లక్షమందికి సైకాలజిస్టులు 0.07 అని ఉంది. అంటే పధ్నాలుగు లక్షలమందికి ఒకరు.

ఈ కొరత ఇలా ఉండగానే 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కేసు మన విశాఖపట్నానిదే. అక్కడ నీట్ కోచింగ్ తీసుకుంటూ ఒక విద్యార్థిని చనిపోయింది, తండ్రి కోర్టుకెక్కాడు. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూనే కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలంది. మన రెండు రాష్ట్రాల్లో వందమంది దాటిన జూనియర్ కాలేజీలు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు ఎన్నో మీకు తెలుసు. ఇంతమంది ఎక్కడినుంచి వస్తారు? ఎవరినో ఒకరిని కుర్చీలో కూర్చోబెడతారు. ఇంగ్లీషు లెక్చరర్‌కి అదనపు బాధ్యత వేస్తారు. క్లినికల్ కాని సైకాలజిస్టులను, కౌన్సెలర్లను కూడా ఒక పద్ధతిలోకి తేవడానికి 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. అది గట్టిగా అమలైతే ఆ కుర్చీలో కూర్చునేవారికీ ఒక ప్రమాణం ఏర్పడుతుంది. ప్రమాణం వచ్చేదాకా పిల్లలు ఆగరు కదా.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ సభలో చాలామందే ఉన్నారు. అక్కడి సంగతి అడుగుతుంటారు, క్లుప్తంగా చెబుతాను. కనెటికట్ రాష్ట్రం 1945లోనే సైకాలజిస్టుల చట్టం చేసింది. అక్కడ స్వతంత్రంగా ప్రాక్టీసు పెట్టాలంటే సాధారణంగా డాక్టరేటు ఉండాలి, ఇంటర్న్‌షిప్ చేయాలి, 225 ప్రశ్నల జాతీయ పరీక్ష నెగ్గాలి, ఆపైన రాష్ట్రం లైసెన్సివ్వాలి. ఇక్కడి ఎం.ఫిల్. అక్కడ నేరుగా చెల్లదు. ఇంకో తేడా, అక్కడ 'సైకాలజిస్ట్' అన్న పేరుకే చట్టం కాపలా ఉంది. మనం 'క్లినికల్' అన్న ముక్కకు కాపలా పెట్టి రెండో ముక్కను వీధిలో వదిలేశాం.

పిల్లలకు ఒక మాట. కోర్సులో చేరేముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు, ఏ సంవత్సరం దాకా గుర్తింపు ఉందో మూడూ చూసుకోండి. సంస్థకు గుర్తింపు ఉండి కోర్సుకు లేక మోసపోయినవారిని చూశాను. ఆ తర్వాత సీనియర్లను పట్టుకుని అడగండి. వారానికి ఎన్ని గంటలు వార్డులో ఉన్నారు, రాసిన రిపోర్టు ఎవరు చదివారు, ఎన్నిసార్లు వెనక్కి వచ్చింది. వెనక్కే రాలేదంటే అక్కడ చేరకండి.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఈ ధర్మనిధి వడ్డీతో ఏటా ఒక ఉపన్యాసం, ఒక శాలువా, ఒక బంగారు పతకం నడుస్తున్నాయి. శాలువా నాకూ కప్పారు, వద్దనలేదు. వచ్చే ఏడాది నుంచి ఆ పతకం డబ్బు క్లినికల్ శిక్షణలో ఉన్న ఒక తెలుగు విద్యార్థికి హాస్టల్ ఖర్చు కింద ఇవ్వండి. సర్వీసు నుంచి దిగిపోయిన క్లినికల్ సైకాలజిస్టులం ఈ రెండు రాష్ట్రాల్లో కొందరం ఉన్నాం. వారానికి ఒక పూట జిల్లా ఆసుపత్రిలో ట్రైనీల పక్కన కూర్చుని కేసులు చూడ్డానికి మాకు బస్సు చార్జీలు చాలు. ఆసుపత్రి సూపరింటెండెంటు అనుమతి, కౌన్సిల్ గుర్తింపున్న ఒక విశ్వవిద్యాలయ శాఖతో ఒప్పందం కావాలి. రెంటికీ దరఖాస్తు నమూనాలు రాసి తెచ్చాను, సభ అయ్యాక కార్యదర్శి గారికి ఇస్తాను.